కారం మిల్లు మిషన్ కొనే ముందు ఈ లెక్క వేయండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర కారం మిల్లు పెడదామని రెండు మిషన్లు చూశారనుకుందాం, రెండూ 4 లక్షలే. మొదటిది రెండేళ్లు 2 లక్షల చొప్పున మిగిల్చి మూడో ఏడు 50 వేలకు పడిపోయి అక్కడితో ఆగిపోతుంది, రెండోది నాలుగేళ్లూ ఏడాదికి లక్షన్నర ఇస్తుంది.

మనవాళ్లు ముందు అడిగేది అసలు ఎప్పుడొస్తదని. ఆ పేబ్యాక్ లెక్కలో మొదటిదే గెలుస్తుంది: 2 ఏళ్లు, రెండోదానికి 2 ఏళ్ల 8 నెలలు. తర్వాత ఏమవుతుందో ఈ లెక్కకు పట్టదు.

నేనైతే ఎన్‌పీవీనే నమ్ముతా, అంటే ముందు ముందు వచ్చే డబ్బుల ఈరోజు విలువలోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. నూటికి రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం, కాబట్టి రెండో మిషన్ మీద మొదటి ఏడాది చివర వచ్చే లక్షన్నరను 1.12తో భాగిస్తే ఈరోజు విలువ సుమారు 1,33,900, రెండో ఏడాదిదాన్ని రెండుసార్లు భాగించాలి, అలా నాలుగేళ్లవీ కూడితే 4,55,600, పెట్టుబడి తీసేస్తే 55,600 మిగులు. మొదటి మిషన్‌కు దాదాపు 26,400 నష్టం! అదే రెండు రూపాయల వడ్డీకి తెస్తే రెండోది కూడా 39 వేలు ముంచుతుంది.

ఐఆర్‌ఆర్ అంటే మిగులు సున్నా అయ్యే వడ్డీ రేటు, ఎక్సెల్ చెప్పేస్తుంది: మొదటిదానికి 7.4, రెండోదానికి 18.5 శాతం. కానీ 50 వేల పెట్టుబడి పెట్టే చిన్న పనిలో 30 శాతం చూసి మురిసిపోకండి, చేతికొచ్చే రూపాయలెన్నో చూడండి.