మలేరియా క్యూపీసీఆర్ కౌంట్ స్లయిడ్‌తో కలవట్లేదా? ప్రైమర్లు మార్చకముందు ఇది చదవండి

సమస్య ఇదీ: ఫాల్సిపారమ్ (మలేరియా పారాసైట్‌లో ఒక రకం) శాంపిల్, మైక్రోస్కోప్ స్లయిడ్‌లో మైక్రోలీటర్‌కి 4000 పారాసైట్లు, క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏని కాపీలు చేస్తూ ఎంత ఉందో కొలిచే పరీక్ష) 1000. రిపీట్ చేసినా అంతే. వెంటనే కొత్త ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డర్ పెట్టేస్తారు, దయచేసి ఆగండి.

ముందు లెక్క చూడండి, దీన్నే అందరూ వదిలేస్తారు. స్లయిడ్ రీడింగ్‌లో తెల్ల కణాలు మైక్రోలీటర్‌కి 8000 అని అనుకుని లెక్క కట్టేస్తాం, పేషెంట్‌కి నిజంగా 4000 ఉంటే స్లయిడ్ కౌంటే డబుల్ వచ్చినట్టు, కాబట్టి సీబీసీ (రక్త కణాల లెక్క) రిపోర్ట్ తెప్పించుకోండి. ప్లాస్మిడ్ స్టాండర్డ్ (ఎన్ని కాపీలో ముందే తెలిసిన డీఎన్ఏ, దానితో పోల్చి శాంపిల్ లెక్క కడతాం) వాడుతుంటే వాల్యూమ్‌లు కూడా చూడండి: 200 మైక్రోలీటర్ల రక్తం, 100లో ఎల్యూషన్ (తీసిన డీఎన్ఏని ద్రవంలోకి దించడం), వెల్‌లో 5 వేస్తే లోపలికి వెళ్ళింది 10 మైక్రోలీటర్ల రక్తం. ఎవరైనా ఎల్యూషన్ 50కి మార్చి ఎక్సెల్‌లో మార్చడం మర్చిపోతే అక్కడే రెండు రెట్లు తేడా.

తర్వాత డీఎన్ఏని 10 రెట్లు డైల్యూట్ చేసి రన్ చేయండి. సీటీ (సిగ్నల్ కనిపించే సైకిల్ నంబర్, డీఎన్ఏ ఎక్కువుంటే ఇది తగ్గుతుంది) సుమారు 3.3 పెరగాలి. ఒకటే పెరిగినా, అసలు పెరగకపోయినా ఇన్హిబిషన్ (శాంపిల్‌లోనిదేదో రియాక్షన్‌ని అడ్డుకోవడం) ఉన్నట్టే, ఎక్కువసార్లు హెపారిన్ ట్యూబ్‌లో తీసిన రక్తమే అయ్యుంటుంది. ఈడీటీఏ ట్యూబ్‌లో మళ్ళీ తీయించండి.

ఇవన్నీ బాగానే ఉన్నాయా? అయితే మా ల్యాబ్‌లో మూడు వారాలు తినేసిన కారణం ఇదే కావచ్చు: స్టాండర్డ్ తయారుచేయడానికి వాడిన కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన పారాసైట్లు). స్టాండర్డ్ కర్వ్ స్లోప్ -3.3, ఆర్ స్క్వేర్ 0.99, కర్వ్ చూస్తే ఏ అనుమానమూ రాదు. కానీ ఆ కల్చర్ సింక్రనైజ్ చేయనిది (పారాసైట్లన్నీ ఒకే దశలో లేనిది), అందులో షైజాంట్లు (విడిపోబోయే పెద్ద స్టేజీ) ఉన్నాయి. మైక్రోస్కోప్‌లో షైజాంట్ ఒక పారాసైట్‌గానే లెక్కకొస్తుంది గానీ దాని లోపల 16, ఇంకా ఎక్కువ జీనోమ్‌లు ఉండొచ్చు. పేషెంట్ వేలి రక్తంలో మాత్రం దాదాపు అన్నీ రింగులే (లేత స్టేజీ), ఎందుకంటే ఫాల్సిపారమ్ పెద్ద స్టేజీలు రక్తనాళాల గోడలకి అతుక్కుపోతాయి. అంటే మన స్టాండర్డ్‌లో "1000 పారాసైట్లు" అని రాసుకున్న చోట 4000 జీనోమ్‌లు ఉన్నాయి, సీటీ 2 ముందే వచ్చేస్తుంది, ప్రతి పేషెంట్ రిజల్ట్ నాలుగో వంతు అయిపోతుంది. ఎక్కువ కౌంట్‌లోనూ తక్కువ కౌంట్‌లోనూ అదే నిష్పత్తిలో తేడా వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

చెక్ చేయడం పది నిమిషాల పని. స్టాండర్డ్ చేసిన రోజు కల్చర్ గీమ్సా స్మియర్ (రంగు వేసిన స్లయిడ్) తీసి చూడండి. స్మియర్ దాచలేదంటే ఆ స్టాండర్డ్‌ని నమ్మకండి.

పరిష్కారం: 5% సార్బిటాల్‌లో 37 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచితే పెద్ద స్టేజీలు పగిలిపోతాయి. కడిగేసి వెంటనే డీఎన్ఏ తీయకండి, చచ్చినవాటి డీఎన్ఏ ఇంకా మిగిలి ఉండొచ్చు. 48 గంటల సైకిల్ ఒకటి పోనిచ్చి, లేత రింగులు ఉన్నప్పుడు తీసుకుని, మలేరియా లేని మామూలు రక్తంలో కలిపి, శాంపిల్స్ తీసే కిట్‌తోనే ఎక్స్‌ట్రాక్ట్ చేయండి. ఎర్ర కణాలు మైక్రోలీటర్‌కి 50 లక్షలని ఊహించుకోకుండా లెక్కపెట్టండి.

పాత డేటా పారేయక్కర్లేదు. ఒకే కౌంట్ ఉన్న పాత స్టాండర్డ్, కొత్త స్టాండర్డ్ ఒకే ప్లేట్‌లో రన్ చేయండి, పాతది 2 సీటీ ముందొస్తే, ఎఫిషియన్సీ 100% దగ్గర ఉన్నంతవరకు, పాత రిజల్ట్స్‌ని 4తో గుణించండి. సీటీలు మాత్రం చెరపకండి.

వైవాక్స్‌కి (ఇంకో రకం మలేరియా పారాసైట్) ఇది వేరేలా ఉంటుంది, పేషెంట్ రక్తంలోనే షైజాంట్లు తిరుగుతాయి కాబట్టి క్యూపీసీఆర్ స్లయిడ్ కన్నా ఎక్కువ చూపించడం మామూలే.

మిగతావి అరుదు. మందులయ్యాక కూడా పాజిటివ్ వస్తుంటే గామిటోసైట్లు (దోమకి చేరే లైంగిక దశ) ఉన్నాయేమో చూడండి. వార్ జీన్ (ఒక్కో పారాసైట్‌లో చాలా కాపీలుండే జీన్) టార్గెట్ వాడుతుంటే స్ట్రెయిన్‌ని బట్టి కాపీలు మారతాయి, అది పారాసైట్ ఉందో లేదో కనిపెట్టడానికి బాగుంటుంది, కచ్చితమైన కౌంట్‌కి 18ఎస్ (రైబోజోమ్ ఆర్ఎన్ఏ జీన్) వాడండి. డీఎన్ఏ వేయని నీళ్ళ వెల్‌లో సిగ్నల్ వస్తే ప్లాస్మిడ్ స్టాండర్డ్‌ని మాస్టర్ మిక్స్ (రియాక్షన్ మిశ్రమం) కలిపే గదిలోంచి బయటికి తీసేయండి.