మడత ఫోన్ మొరాయిస్తే: సమస్య – పరిష్కారం

మడత ఫోన్, అంటే మూత తెరిచి వాడే కీప్యాడ్ ఫ్లిప్ ఫోన్, కొనేది చాలావరకు పిల్లలు, వాడేది అమ్మానాన్నలు. చిక్కంతా అక్కడే ఉంది. వాడేవాళ్ళకు ఏం జరిగిందో చెప్పడం రాదు, కొన్నవాళ్ళ చేతిలో ఫోన్ ఉండదు. "పని చేయట్లేదురా" అన్న ఒక్క మాట మాత్రం పక్కింటివాళ్ళ ఫోన్‌లో వినిపిస్తుంది. కాబట్టి వాళ్ళు చెప్పే మాటల్నే తీసుకుని, ఒక్కో మాట వెనక ఏముంటుందో, ఏం చేయాలో రాస్తున్నాను. మెనూలో పేర్లు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

"ఎవరో చూద్దామని తెరిస్తే కాల్ ఎత్తేస్తోంది"

ఇది రిపేరు కాదు, సెట్టింగు. మూత తెరవగానే కాల్ ఎత్తాలా వద్దా అన్నది కాల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. చూసి ఎత్తే అలవాటున్నవాళ్ళకు ఆపేయండి. వేళ్ళు వణికే పెద్దవాళ్ళకు మాత్రం ఆన్‌లోనే ఉంచమంటాను. అసలు ఈ ఫోన్ కొన్నదే అందుకు. ఎవరు చేస్తున్నారో బయటి చిన్న తెర మీద కనిపిస్తుంది, తెరిచే ముందు అక్కడ చూడటం నేర్పితే చాలు. స్పీకర్ పెట్టి, మూత మూసి, బల్ల మీద పెట్టి మాట్లాడదామనుకుంటే కాల్ కట్ అవుతుంది. మూత మూయడమంటే ఫోన్ పెట్టేయడమే.

"తెరిచే ఉంది, కానీ తెర నల్లగా ఉంది"

మూత తెరిచారా మూశారా అన్నది ఫోన్‌కి అయస్కాంతం వల్లే తెలుస్తుంది. ఒక భాగంలో చిన్న మాగ్నెట్, ఇంకో భాగంలో దాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటాయి. మాగ్నెట్ బటన్ ఉన్న హ్యాండ్‌బ్యాగో, మాగ్నెట్ పౌచో దగ్గరలో ఉంటే, తెరిచి ఉన్నా మూసినట్టే అనుకుని తెర ఆపేస్తుంది. ఫోన్‌ని వాటికి దూరంగా తీసి చూడండి. వెలిగితే పౌచ్ మార్చండి. వెలగకపోతే కింద "సగం తెరిస్తే బొమ్మ వస్తుంది" అన్న చోట రాసింది చదవండి.

"సిమ్ వేశాం, సిగ్నల్ లేదు"

ముందు అడగాల్సింది: ఏ సిమ్, ఏ కాలం ఫోన్? జియోకి 2జీ, 3జీ లేవు. మామూలు కాల్ కూడా 4జీ మీద, వోల్టే పద్ధతిలోనే వెళ్తుంది. బీరువాలోంచి తీసిన 2004 నాటి మోటోరోలా రేజర్ వీ3లో జియో సిమ్ వేసి ఎంతసేపు తిప్పినా ఏమీ రాదు. ఎయిర్‌టెల్, వీఐ వంటి వాటికి 2జీ ఇంకా ఉంది కాబట్టి వాటితో ప్రయత్నించవచ్చు. అయితే ఇప్పటి నానో సిమ్‌కి పాత పెద్ద సిమ్ సైజు అడాప్టర్ కావాలి. కొత్త 4జీ ఫోన్‌లోనూ జియో సిమ్‌తో కాల్ వెళ్ళకపోతే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో వోల్టే ఆన్‌లో ఉందో లేదో చూడండి.

అమెరికా నుంచి వచ్చే మడత ఫోన్లది వేరే కథ. అక్కడి పెద్ద కంపెనీలు 2022లో 3జీ ఆపేశాయి. అందుకని ఇప్పుడు అక్కడ దొరికే ఫ్లిప్ ఫోన్లు 4జీవే. చూడటానికి బాగుంటాయి, అమ్మకి పంపిద్దామనిపిస్తుంది. కానీ ఆ ఫోన్ అక్కడి కంపెనీకే లాక్ అయి ఉండొచ్చు, అప్పుడు మన సిమ్ వేస్తే చెల్లదంటుంది. లాక్ లేకపోయినా బ్యాండ్లు, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు, కుదరాలి. జియో 4జీకి వాడేవి ముఖ్యంగా 3, 5, 40. అమెరికా ఫోన్‌లో 5 ఉన్నా 3, 40 లేకపోతే ఊళ్ళో ఒక మూల సిగ్నల్ వస్తుంది, ఇంకో మూల పోతుంది. ఒక్కోసారి నెట్ వస్తుంది, కాల్ మాత్రం కలవదు, ఎందుకంటే ఇక్కడి వోల్టేకి ఆ ఫోన్ సిద్ధంగా ఉండదు. దీనికి ఇక్కడి షాపులో మందు లేదు. పంపేవాళ్ళే కొనేముందు బ్యాండ్లు చూసుకుని, అక్కడే లాక్ తీయించి పంపాలి. నన్నడిగితే ఆ డబ్బులు ఇక్కడికి పంపి ఇక్కడే కొనమంటాను.

"అమ్మ అని కొడితే ఏదో వస్తోంది"

ఈ ఫోన్లలో ఎక్కువ చిరాకు టైపింగ్‌తోనే. మనవాళ్ళు మెసేజ్ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. అమ్మ అంటే ఏ, ఎమ్, ఎమ్, ఏ. కీప్యాడ్ మీద ఎమ్, ఎన్, ఓ మూడూ 6 మీదే ఉన్నాయి. ఒకసారి నొక్కితే ఎమ్, వెంటనే రెండోసారి నొక్కితే ఎన్. కాబట్టి 2, 6, 6, 2 అని గబగబా కొడితే మధ్యలో రెండు ఎమ్‌లు రావు, ఒక్క ఎన్ వస్తుంది. మొదటి 6 తర్వాత కర్సర్ ముందుకు జరిగేదాకా ఒక్క క్షణం ఆగి రెండో 6 నొక్కాలి. లేదా కుడి బాణం నొక్కినా సరిపోతుంది.

అక్షరాలు ఆగి ఆగి కొట్టినా వింత మాటలే వస్తున్నాయంటే ప్రిడిక్టివ్ టైపింగ్, అదే టీ9, ఆన్‌లో ఉందన్నమాట. అది ఒక్కో అక్షరానికి ఒక్క నొక్కే తీసుకుని, తన ఇంగ్లీషు డిక్షనరీలో ఆ అంకెలకు సరిపోయే మాట వెతుకుతుంది. 2662కి అమ్మ సరిపోతుంది, అన్న సరిపోతుంది, ఇంగ్లీషు బాంబ్ కూడా సరిపోతుంది. డిక్షనరీకి అమ్మ తెలియదు, బాంబ్ తెలుసు. ఇక మీరు కొడుక్కి ఏం పంపుతున్నారో ఊహించుకోండి. తెలుగు మాటలు కొట్టేవాళ్ళకు టీ9 ఆపేయడమే నయం. మెసేజ్ రాసేటప్పుడు ఆప్షన్స్‌లోకి వెళ్తే కనిపిస్తుంది. ఆన్‌లో ఉండగా తప్పు మాట వచ్చిందా, దాన్ని చెరిపి మళ్ళీ కొట్టొద్దు, అవే అంకెలు కాబట్టి అదే మాట వస్తుంది. డిక్షనరీ చూపించే తర్వాతి మాటల్లో వెతకాలి.

నోకియా మోడళ్ళలో చాలావాటికి # నొక్కితే పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు మారతాయి, 0 నొక్కితే ఖాళీ వస్తుంది, అంకె కావాలంటే ఆ బటన్ నొక్కి పట్టుకోవాలి. విదేశీ నంబరు ముందు + రావాలంటే *ని రెండుసార్లు నొక్కాలి.

"మా అబ్బాయికి చేస్తే పోలీసులు ఎత్తారు"

ఒక్క బటన్ నొక్కి పట్టుకుంటే కాల్ వెళ్ళే స్పీడ్ డయల్ కోసం 5 మీద కొడుకు నంబరు పెడతారు, ఎందుకంటే చీకట్లోనూ వేలికి తగిలే చిన్న గుబ్బ దాని మీదే ఉంటుంది. కానీ 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఫోన్లన్నిటికీ ప్యానిక్ బటన్ ఉండాలని టెలికాం శాఖ నియమం పెట్టింది. కీప్యాడ్ ఫోన్లకు అది 5 లేదా 9. నొక్కి పట్టుకుంటే 112కి వెళ్తుంది. స్పీడ్ డయల్‌కి 2, 3, 4లో ఒకటి తీసుకోండి. పొరపాటున 112 కలిస్తే భయపడి కట్ చేయొద్దు, పొరపాటున నొక్కాం, ఏ ప్రమాదమూ లేదని ఒక్క మాట చెప్పి పెట్టేయండి. లేకపోతే వాళ్ళే తిరిగి చేయొచ్చు.

నోకియా 2660 ఫ్లిప్ వంటి వాటికి విడిగా ఎమర్జెన్సీ బటన్ కూడా ఉంది. అది మీరు ఎంచుకున్న ఐదుగురికి వెళ్తుంది. అర్ధరాత్రి ఐదుగురికీ టెన్షన్ పెట్టకుండా ఉండాలంటే మొదటి రోజే అమ్మానాన్నల చేత ఒకసారి నొక్కించి చూపండి.

"ఓటీపీ రావడం లేదు"

చాలాసార్లు ఇన్‌బాక్స్ నిండి ఉంటుంది. ఈ ఫోన్లలో మెసేజ్‌లకు చోటు తక్కువ, ప్రకటనలు దాన్ని తినేస్తాయి. పాతవి ఒకేసారి తీసేయండి. ప్రకటనలు అసలు వద్దనుకుంటే 1909కి కాల్ చేసి డీఎన్‌డీ పెట్టించుకోవచ్చు, బ్యాంకు ఓటీపీలు దాని వల్ల ఆగవు. తెలుగు మెసేజ్‌లు గళ్ళుగళ్ళుగా కనిపిస్తే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదు, చేసేదేమీ లేదు. పంపేవాళ్ళనే ఇంగ్లీషు అక్షరాల్లో పంపమనండి. ఖర్చూ కలిసొస్తుంది: ఒక ఎస్ఎమ్ఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కేసి 70 మాత్రమే.

"సగం తెరిస్తే బొమ్మ వస్తుంది, పూర్తిగా తెరిస్తే పోతుంది"

షాపుకి వెళ్ళాల్సిన జబ్బు ఇదే. పై తెరనీ కింద బోర్డునీ కలిపే పలచటి రిబ్బన్ లాంటి స్ట్రిప్ ఒకటి కీలు గుండా వెళ్తుంది. తెరిచినప్పుడల్లా, మూసినప్పుడల్లా అది వంగుతుంది, కొన్నాళ్ళకు లోపలి గీత తెగుతుంది. అనుమానం తీరాలంటే మూతని చాలా నెమ్మదిగా తెరుస్తూ చూడండి. ఒక కోణంలో బొమ్మ వచ్చి ఇంకో కోణంలో పోతున్నా, చెవి దగ్గరి శబ్దం కూడా దానితో పాటే వచ్చిపోతున్నా స్ట్రిప్పే. షాపతను డిస్‌ప్లే మార్చాలంటే ఒప్పుకునే ముందు ఆ కోణం చూపించండి. ఏ కోణంలోనైనా బొమ్మ శుభ్రంగా వస్తోందంటే డిస్‌ప్లే బాగున్నట్టే. ఇచ్చే ముందు నంబర్లు సిమ్‌లోకో మెమరీ కార్డులోకో కాపీ చేసుకోండి. ఒంటి చేత్తో బొటనవేలితో ఠక్కున తెరవడం సరదాగానే ఉంటుంది, స్ట్రిప్‌కీ కీలుకీ మాత్రం అది అదనపు దెబ్బ.

"రాత్రంతా పెట్టినా ఛార్జ్ ఎక్కలేదు"

జేబులో తిరిగే ఫోన్ కాబట్టి ముందు ఛార్జింగ్ రంధ్రంలో దూది, దుమ్ము చూడండి. ఫోన్ ఆపి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీస్తే చాలు. టైప్-సి రంధ్రం ఉన్న చవక ఫోన్లు కొన్ని రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో ఛార్జ్ ఎక్కవు. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్ పెట్టి చూడండి.

అదీ కాకపోతే బ్యాటరీ తీసి నున్నటి బల్ల మీద పెట్టి తిప్పండి. గిర్రున తిరిగితే మధ్యలో ఉబ్బినట్టు. దాన్ని మళ్ళీ ఫోన్‌లో పెట్టొద్దు, పొడవొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, షాపులోనో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకో ఇచ్చేయండి. కొత్త బ్యాటరీ పాతదాని మీద ఉన్న నంబరుదే కొనండి. బ్యాటరీ తీసి పెడితే కొన్ని ఫోన్లలో తేదీ, టైము పోతాయి. ఆటో అప్‌డేట్ ఆన్ చేయండి, మాత్రల కోసం పెట్టిన అలారాలు ఉన్నాయో లేదో కూడా చూడండి.