నర్సింగ్ హోమ్, వృద్ధాశ్రమం రికార్డులు కంప్యూటర్‌కి ఎక్కించడానికి ప్రభుత్వ డబ్బు ఎలా రాబట్టాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు పది పన్నెండు పడకలతో నర్సింగ్ హోమో, ఆశ్రమమో నడిపేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఇది: "కంప్యూటర్లు పెట్టుకుంటే ప్రభుత్వం డబ్బిస్తుందట కదా, అప్లికేషన్ ఎక్కడ?" ముందే చెప్పేస్తాను. కంప్యూటర్ కొన్నందుకు ఎవరూ డబ్బివ్వరు. రోగి రికార్డు డిజిటల్‌గా తయారై, ఆ మనిషి ఆభా నంబర్‌కు, అంటే ప్రభుత్వ ఆరోగ్య ఖాతా నంబర్‌కు జతపడితే, ఆ జతపడినదానికి ఇస్తారు. అదీ ఒక హద్దు దాటాకే. కాబట్టి షాపులో అడ్వాన్సు కట్టే ముందు కింద చెప్పినవి వరుసగా చూసుకోండి.

ముందు మీది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి

పక్షవాతం వచ్చినవాళ్లనీ, మతిమరుపు ముదిరినవాళ్లనీ, మంచం దిగలేనివాళ్లనీ నెలల తరబడి చూసుకునే చోట్లు మన దగ్గర రెండు రకాలు. మొదటిది లైసెన్స్ ఉన్న నర్సింగ్ హోమ్. డాక్టర్, నర్సు, ఓపీ ఉంటాయి. రెండోది ట్రస్టో, సొసైటీయో నడిపే ఆశ్రమం. అన్నం, మందులు, సేవ ఉంటాయి. డాక్టర్ వారానికోసారి వచ్చి చూసి వెళ్తాడు. ఈ రెంటికీ డబ్బు వచ్చే దారులు వేరు, మంత్రిత్వ శాఖలూ వేరు.

నర్సింగ్ హోమ్‌కి దారి ఆరోగ్య శాఖ వైపు నుంచి ఉంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ని 2021 సెప్టెంబర్ 27న దేశమంతటికీ ప్రారంభించారు. అయిదేళ్లకు 1,600 కోట్ల రూపాయలు కేటాయించారు. నడిపేది నేషనల్ హెల్త్ అథారిటీ. దీని కిందే 2023 జనవరి 1 నుంచి డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్ అనే ప్రోత్సాహక పథకం అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రికైనా ప్రైవేటుకైనా వర్తిస్తుంది, ఒక్కో సంస్థకు గరిష్ఠంగా 4 కోట్ల వరకు. ఆ 4 కోట్ల మాట విని కళ్లు మెరుస్తాయి గానీ, మన పన్నెండు పడకల లెక్క వేరే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ఆశ్రమానికి దారి సామాజిక న్యాయ శాఖది. అటల్ వయో అభ్యుదయ యోజనలో సీనియర్ సిటిజన్ల సమీకృత కార్యక్రమం ఒక భాగం. 25 మంది వృద్ధులుండే ఇళ్లకూ, మంచాన పడ్డవాళ్లనూ డిమెన్షియా ఉన్నవాళ్లనూ చూసుకునే 20 మంది కేంద్రాలకూ నిర్వహణ గ్రాంటు దీని కింద వస్తుంది. లాభం కోసం నడిపేవాళ్లు దీని జోలికి వెళ్లనక్కర్లేదు.

కాగితాలు

నర్సింగ్ హోమ్‌కైతే ఒడిశా క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 1990 కింద రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉండాలి. గడువు తీరిపోతే ముందు జిల్లా ముఖ్య వైద్యాధికారి (సీడీఎంఓ) ఆఫీసు పని ముగించుకోండి. తర్వాత సంస్థను హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో, డాక్టర్లనూ నర్సులనూ హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. రెండూ ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు. మన వైపు చాలామంది డాక్టర్ల రిజిస్ట్రేషన్ ఆంధ్రా మెడికల్ కౌన్సిల్‌లో ఉంటుంది. ఫారంలో కౌన్సిల్ పేరు ఎంచుకునేటప్పుడు అలవాటుగా ఒడిశా నొక్కేస్తే నంబర్ సరిపోలక అప్లికేషన్ ఆగిపోతుంది. చేతిలో సర్టిఫికెట్ పెట్టుకుని అందులో ఏ కౌన్సిల్ ఉందో దాన్నే ఎంచుకోండి.

ఆశ్రమానికి ఎన్‌జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్) ఐడీ, సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా, ఆడిట్ చేసిన లెక్కలు కావాలి. దరఖాస్తు ఈ-అనుదాన్ పోర్టల్‌లో వేయాలి. రాష్ట్రం వైపు ఈ పనులు చూసేది సామాజిక భద్రత, దివ్యాంగుల సాధికారత శాఖ (ఎస్‌ఎస్‌ఈపీడీ), జిల్లాలో సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్. దరఖాస్తు వేసేముందే ఒకసారి వెళ్లి కలిసి రండి. ఫైలు ఎక్కడుందో తెలియకపోతే వచ్చే టెన్షన్ సగం తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్

ధర అడిగే ముందు, సాఫ్ట్‌వేర్ డిజిటల్ మిషన్‌తో అనుసంధానమైనదేనా అని అడగండి. అనుసంధానానికి మైలురాళ్లుంటాయి: మొదటిది ఆభా తయారు చేయడం, సరిచూడడం, రెండోది రికార్డును ఆభాకు జత చేయడం, మూడోది రోగి ఒప్పుకుంటే బయటి రికార్డులు తెచ్చుకుని చూడడం. అమ్మేవాడు "మాది ఆభా సాఫ్ట్‌వేరే సార్" అంటాడు. చాలాసార్లు మొదటి మైలురాయి దగ్గరే ఆగి ఉంటుంది. ప్రోత్సాహకం లెక్కలోకి రావాలంటే రెండోది తప్పనిసరి, కాబట్టి అది పూర్తయినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకో మాట. ఈ పథకంలో సాఫ్ట్‌వేర్ కంపెనీకి కూడా వాటా ఉంది. మీ రికార్డుల వల్ల వాళ్లకూ డబ్బొస్తుంది కనుక అద్దె తగ్గించమని మొహమాటం లేకుండా అడగొచ్చు.

చిన్న క్లినిక్‌ల కోసం ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ తయారుచేసిన ఈ-సుశ్రుత్ క్లినిక్ వెర్షన్ కూడా ఉంది. మూడు లక్షల ప్యాకేజీకి సంతకం పెట్టే ముందు దాన్ని ఒకసారి వాడి చూడడంలో నష్టం లేదు.

ఆభా నంబర్లు: అసలు తిప్పలు ఇక్కడే

ఆభా అంటే 14 అంకెల నంబర్. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని అంటారు. కుర్రాళ్ల విషయంలో నిజమే. డెబ్భై దాటినవాళ్లతో కూర్చుంటే తెలుస్తుంది.

ఆధార్‌కి లింకైన ఫోన్ కొడుకు జేబులో, కొడుకు హైదరాబాద్‌లో. డ్యూటీలో ఉన్నవాడికి ఫోన్ చేసి "బాబూ, ఓటీపీ వచ్చిందా" అంటే, "సైబర్ మోసగాళ్లేమో" అని కట్ చేసేస్తాడు. తప్పు అతనిది కాదు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మనమే ఊదరగొట్టాం. అందుకని ముందురోజు పెద్దాయన చేతనే మాట్లాడించండి. "రేపు పదకొండు గంటలకి ఆస్పత్రి నుంచి అడుగుతారు, చెప్పు నాన్నా" అని ఆయన గొంతుతో వినపడితే వాడు నమ్ముతాడు. వేలిముద్రలూ ఉన్నాయి గానీ, జీడిపిక్కలు ఒలిచిన చేతులకీ పొలం పని చేసిన చేతులకీ ఆ గీతలు అరిగిపోయి మిషన్ పట్టుకోదు. అప్పుడు ఫేస్ అథెంటికేషన్ ప్రయత్నించండి. మంచాన ఉన్న మనిషిని కిటికీ వెలుగు వైపు తిప్పి, తల కింద రెండో దిండు పెట్టి, కళ్లు ఆర్పమని చెప్పాలి. చెవుడుంటే పక్కనున్నవాళ్లు చేసి చూపించాలి. ఓపిక ఉన్న ఆయమ్మ ఒకరుంటే మీ కంప్యూటర్ ఆపరేటర్ కంటే వేగంగా పని తెములుతుంది.

పేర్ల గొడవ ఇంకోటి. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం. ఆధార్‌లో అది చివరికి వెళ్లి ఉంటుంది, రేషన్ కార్డులో పొడి అక్షరమై ఉంటుంది, పాత కేస్ షీట్‌లో అసలుండదు. ఆభాలో ఆధార్‌లో ఉన్నట్టే వస్తుంది. మీ రిజిస్టర్‌ని కూడా దాని ప్రకారమే మార్చండి, లేకపోతే ఒకే అప్పలనర్సమ్మ గారు కంప్యూటర్‌లో ఇద్దరవుతారు.

ఆభా స్వచ్ఛందం. వద్దన్నవాళ్లకి వైద్యం ఆపకూడదు, బలవంతం చేయకూడదు. మతిస్థిమితం లేనివాళ్ల విషయంలో చట్టబద్ధమైన సంరక్షకులతో మాట్లాడి, ఒప్పుకోలు కాగితం మీద తీసుకుని ఫైలులో పెట్టండి. డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క

ఆస్పత్రులూ నర్సింగ్ హోమ్‌లకు పథకం 10 పడకల నుంచి మొదలవుతుంది. నెలకు పడకకు 50 చొప్పున ఆభాకు జతచేసిన రికార్డులు కనీస హద్దు. దానికి పైన చేసిన ప్రతి రికార్డుకీ 20 రూపాయలు.

మీవి 12 పడకలనుకుందాం. హద్దు 600. ఓపీకి రోజుకు 40 మంది చొప్పున 25 రోజులు వస్తే వెయ్యి రికార్డులు. పైన మిగిలేది 400, అంటే నెలకు 8,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ అద్దె, ఆపరేటర్ జీతంలో కొంత వస్తాయి. ఇది ఓపీ ఉన్న చోట.

ఇప్పుడు ఓపీ లేకుండా, పన్నెండు మంది మంచాన ఉన్నవాళ్లనే చూసుకునే చోటు చూడండి. ఒక్కొక్కరికి రోజుకో రికార్డు రాసినా పడకకు నెలకి 30. హద్దు 50. జన్మలో దాటదు. రోజుకు ముప్పై మంది వచ్చిపోయే ఆస్పత్రిని మనసులో పెట్టుకుని రాసిన లెక్క ఇది. నెలల తరబడి అదే మనిషికి పక్క మార్చి, పుండు కడిగి, ట్యూబులో గంజి పోసే చోటికి అతకదు. అమెరికాలో కూడా 2009లో హైటెక్ చట్టం తెచ్చి ఎలక్ట్రానిక్ రికార్డులకు ఆస్పత్రులకూ డాక్టర్లకూ వేల కోట్ల డాలర్లు పంచినప్పుడు నర్సింగ్ హోమ్‌లను ఆ చెల్లింపుల్లో చేర్చలేదు. అక్కడా ఇక్కడా దీర్ఘకాల సంరక్షణ చివరి బెంచీయే.

అందుకని దీర్ఘకాల రోగులే ఉన్నవాళ్లు ఈ పథకం మీద ఆశ పెట్టుకుని అప్పు చేయొద్దు. ఓపీ ఉన్నవాళ్లు మాత్రం దరఖాస్తు వేసే ముందు నేషనల్ హెల్త్ అథారిటీ సైట్‌లో తాజా ఉత్తర్వు తెరిచి గడువు, రేటు చూసుకోండి. ఈ పథకం గడువును ఒకటికి రెండుసార్లు పొడిగిస్తూ వచ్చారు, పాత పీడీఎఫ్ పట్టుకుని లెక్కలేస్తే మోసపోతాం.

డబ్బు రాకపోయినా, ఖర్చు లేకుండా పని జరిగే దారి

ఆశ్రమాలకు నేను చెప్పేది ఇది. రికార్డులు మీరే తయారు చేయాలని ఎవరన్నారు? మీ దగ్గరున్న అందరికీ ఆభా చేయించండి. జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు ఓపీ చీటీకి ఆ నంబర్ చెప్పండి, క్యూఆర్ ఉంటే స్కాన్ చేసి టోకెన్ తీసుకోండి. వృద్ధుల జాతీయ ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆస్పత్రిలో 10 పడకల వృద్ధుల వార్డు ఉండాలి, దాని గురించి కూడా అడగండి. కదల్లేనివాళ్లకి ప్రభుత్వ టెలీవైద్య సేవ ఈ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టర్‌ని చూపించి, ఆ మందుల చీటీని ఆభాకు జతచేయించుకోవచ్చు. రికార్డు ప్రభుత్వం వైపు నుంచే తయారవుతుంది, మీకు కావలసింది ఒక స్మార్ట్‌ఫోనూ, నెట్ అందే గదీ. గ్రాంటుకు దరఖాస్తు వేసేటప్పుడు ఈ ఆభా జాబితా, హాజరు రిజిస్టర్‌తో సరిపోలేలా ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించడానికీ పనికొస్తుంది.

మన సరిహద్దువాళ్లకి దీని విలువ వేరే ఉంది. పర్లాకిమిడిలో చూపించుకుని, పాతపట్నం దాటి శ్రీకాకుళం, అక్కడా కాకపోతే విశాఖ కేజీహెచ్. ప్రతి చోటా పాలిథిన్ సంచి విప్పి, ఒడియాలో రాసిన చీటీ, మడతల దగ్గర చిరిగిన ఎక్స్‌రే, ఏ తేదీదో తెలియని షుగర్ రిపోర్టు టేబుల్ మీద పరచడం. అవతలి డాక్టర్ అవి పక్కకి తోసి మళ్లీ అన్ని టెస్టులూ రాస్తాడు. ఆభా యాప్‌లో రికార్డు ఉంటే రోగి ఒప్పుకోలుతో అక్కడ తెరవొచ్చు. అక్కడి సాఫ్ట్‌వేర్‌కి ఆ మూడో మైలురాయి లేకపోతే ఫోన్‌లోనే తెరిచి చూపించండి, అదీ సరిపోతుంది.

దీనితో పాటు డెబ్భై నిండినవాళ్లకి వయ వందన కార్డు చేయించండి. 2024 అక్టోబర్ 29న మొదలైంది, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు వైద్యం. ఈ కార్డు ఇచ్చే ఆయుష్మాన్ భారత్ వైద్య ఖర్చుల పథకంలో ఒడిశా 2025 ఏప్రిల్‌లో చేరింది కనుక, ఈ కార్డు ఆంధ్రాలో జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లోనూ చెల్లుతుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఇది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే. చేరే ముందు 3 రోజులు, డిశ్చార్జ్ అయ్యాక 15 రోజులు. ఆ తర్వాత నెలల తరబడి ఆయమ్మ జీతం, డయపర్లు, పుండ్ల డ్రెస్సింగ్ దీని కిందికి రావు. అవి గ్రాంటులోంచో, కుటుంబం నుంచో రావాల్సిందే. కుటుంబంతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ ముక్క విడిగా రాయించండి. కార్డు ఉంది కదా అని తర్వాత డబ్బు దగ్గర మాటా మాటా పెరగకుండా ఉంటుంది.