పసిపిల్లలకి ఇంట్లోనే చిక్కటి సూప్ ఎలా చేయాలి?

మా పాపకి అన్నప్రాశన అయిన వారం నుంచి మా అత్తయ్య రోజూ పప్పుకట్టు పెట్టేవారు. పెసరపప్పు మెత్తగా ఉడికించి, గిన్నె కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన పసుపుపచ్చ నీళ్ళని చిన్న గిన్నెలోకి వంచేవారు. అందులో నాలుగు చుక్కల నెయ్యి. పాప చప్పరిస్తూ తాగేసేది, మేం మురిసిపోయేవాళ్ళం. అడుగున మిగిలిన పప్పు మా మధ్యాహ్నం చారులోకి వెళ్ళిపోయేది. ఎనిమిదో నెలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే బరువు పెద్దగా పెరగలేదన్నారు. ఏం పెడుతున్నారో అడిగి, అంతా విని ఆవిడ నవ్వారు. "అయితే పప్పు మీరు తిని, నీళ్ళు పాపకి పోస్తున్నారన్నమాట."

నిజమే కదా. పసిబిడ్డ పొట్ట ఎంతని? నాలుగైదు గుటకల తేటతో నిండిపోతుంది, ఆ తర్వాత పాలు కూడా సరిగ్గా తాగదు. బలమిచ్చేదంతా అడుగునే ఉండిపోతుంది. సూప్ అనగానే మనకి హోటల్లో భోజనానికి ముందు ఇచ్చే పల్చటి సూప్ గుర్తొస్తుంది గానీ, పిల్లలకి చేసే సూప్ దాదాపు పల్చటి పప్పులాగా ఉండాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కన చేసేవే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నిండాక పాలు ఇస్తూనే మెత్తటి తిండి మొదలుపెట్టాలని, తల్లిపాలు రెండేళ్ళు, ఆ తర్వాత కూడా కొనసాగించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకి ఐదో నెలలోనే అన్నప్రాశన చేసే ఆచారం ఉంది. వేడుక చేసుకోండి, ఫొటోలు తీసుకోండి, గిన్నెడు తిండి పెట్టడం మాత్రం ఆరు నిండాకే. ఆ రోజు నాలిక్కి రాసేదాంట్లో తేనె ఉండకుండా చూసుకోండి. తేనెలో ఒక్కోసారి ఉండే బాక్టీరియా బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో విషం తయారుచేస్తాయి. వంటింట్లో ఉడికించినంత మాత్రాన అవి చావవు.

మెడ నిలబెట్టి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోగలుగుతోందా, నోట్లో పెట్టినది నాలుకతో బయటికి తోసేయడం తగ్గిందా అని కూడా చూడండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో లెక్క వేరు, డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి.

మొదటి సూప్: పెసరపప్పు, గుమ్మడికాయ

కావలసినవి: పెసరపప్పు 2 టేబుల్ స్పూన్లు, బియ్యం 1 టేబుల్ స్పూన్, చెక్కు తీసిన తియ్య గుమ్మడికాయ ముక్కలు గుప్పెడు, నీళ్ళు 1 కప్పు, నెయ్యి. ఇది రెండు పూటలకి సరిపోతుంది. పప్పుతో పాటు బియ్యం ఎందుకంటే, బియ్యంలో తక్కువగా ఉండే అమైనో ఆమ్లం (ప్రొటీన్ తయారయ్యే ముడిసరుకు) పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైనది బియ్యంలో దొరుకుతుంది. మన పులగం చేసేవాళ్ళకి ఆ సంగతి పుస్తకం చదవకుండానే తెలిసినట్టుంది.

1. పప్పు, బియ్యం రెండు మూడు సార్లు కడిగి అరగంట నానబెట్టండి.

2. నానినవి, గుమ్మడి ముక్కలు, నీళ్ళు చిన్న స్టీలు గిన్నెలో వేసి మూతపెట్టి కుక్కర్లో పెట్టండి. ఇంట్లో అందరికీ అన్నం వండేటప్పుడు అదే కుక్కర్లో పైగిన్నెగా పెడితే గ్యాసూ కలిసొస్తుంది, టైమూ కలిసొస్తుంది. నాలుగు విజిల్స్ వచ్చాక సన్నమంట మీద ఐదు నిమిషాలు ఉంచండి.

3. ప్రెషర్ దానంతట అది దిగాక తీసి, వేడి మీదే పప్పుగుత్తితో బాగా ఎనపండి. చల్లారితే గుమ్మడి నార తేలిగ్గా నలగదు. మొదటి రెండు వారాలు దాన్ని జల్లెడలో వేసి, చెంచా వీపుతో నొక్కుతూ వడకట్టండి. జల్లెడ పైన నార, పప్పు పొట్టు మిగలాలి. పప్పు మిగిలిందంటే ఇంకాస్త నొక్కాలన్నమాట. జల్లెడ కింది వైపు అంటుకున్నదాన్ని కూడా గీకి గిన్నెలో వేయండి, అసలు సరుకు అక్కడే ఉంటుంది.

4. ఇప్పుడు చిక్కదనం చూడాలి. చెంచాతో తీసి పక్కకి వంచండి. గబుక్కున కారిపోతే పల్చన. వంచాక ఒక్క క్షణం ఆగి, మెల్లగా ముద్దలా జారితే సరిగ్గా కుదిరినట్టు. అసలు కదలకపోతే కాచిన నీళ్ళో, పిండి తీసిన తల్లిపాలో కొద్దిగా కలపండి. ఈ పరీక్ష గోరువెచ్చగా ఉన్నప్పుడే చేయండి. పొయ్యి మీద పల్చగా కనిపించింది చల్లారేసరికి గట్టిపడుతుంది. నేను మొదట్లో వేడి మీద చూసి, పల్చన అయిందని ఇంకా కాచి, చివరికి హల్వా చేసి పెట్టాను.

5. అర టీస్పూన్ నెయ్యి కలిపి పెట్టండి. నెయ్యి రుచి కోసమే అనుకోవద్దు. గుమ్మడి, క్యారెట్ లాంటి వాటిలోని విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. పైగా చిన్న పొట్టకి తక్కువ తిండితో ఎక్కువ శక్తి అందేది నెయ్యి, నూనెల వల్లే.

మొదటి రోజు రెండు మూడు చెంచాలు చాలు. తొమ్మిదో నెల వచ్చేసరికి పూటకి అర కప్పు, అంటే 125 మిల్లీలీటర్ల దాకా తినేలా మెల్లగా పెంచండి. ఆరు నుంచి ఎనిమిది నెలల దాకా రోజుకి రెండు మూడు సార్లు, ఆ తర్వాత మూడు నాలుగు సార్లు పెట్టాలి. అందులో సూప్ ఒక పూటో రెండు పూటలో ఉంటే సరిపోతుంది.

ఉప్పు గొడవ

"ఉప్పు లేకుండా ఎలా తింటుంది అమ్మాయ్, నోరు చప్పబడిపోదూ?" మా ఇంట్లో రోజూ ఇదే. ఉప్పు రుచి ఎరగని నోరు అది, దానికి చప్పదనం ఏం తెలుసు? చప్పగా అనిపించేది రుచి చూసే మనకి. ఏడాది లోపు పిల్లల కిడ్నీలు ఎక్కువ ఉప్పుని తట్టుకోలేవు, వాళ్ళకి కావలసిన సోడియం పాలలో, కూరగాయల్లో ఉన్నదే సరిపోతుంది. చక్కెర, బెల్లం కూడా వద్దు. జీలకర్ర పొడి చిటికెడు, పసుపు, ఇంగువ, ఉడకబెట్టేటప్పుడు ఒక వెల్లుల్లి రెబ్బ వేసుకోవచ్చు. వాసనకి పెద్దవాళ్ళు కూడా సర్దుకుంటారు. ప్యాకెట్ సూప్ పొడులు, సూప్ క్యూబులు మాత్రం పిల్లల గిన్నెలోకి రానివ్వకండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ.

రెండో సూప్: ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు), క్యారెట్, టొమాటో

బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరో నెలకి తరిగిపోతూ ఉంటుంది, తల్లిపాలలో ఇనుము తక్కువే. అందుకే ఈ వయసులో రక్తహీనత భయం. ఎర్ర కందిపప్పు 2 టేబుల్ స్పూన్లు, ఒక చిన్న క్యారెట్, గింజలు తీసిన అర టొమాటో, ముప్పావు కప్పు నీళ్ళు వేసి పైన చెప్పినట్టే ఉడికించి ఎనపండి. పప్పులోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయం చేస్తుంది. టొమాటోలో అదుంది, దించాక రెండు చుక్కల నిమ్మరసం పిండితే ఇంకా మంచిది. పులుపు తగిలి మూతి చుట్టూ కాస్త ఎర్రబడితే తడిగుడ్డతో తుడవండి, కాసేపట్లో పోతుంది.

వారానికి రెండు మూడు సార్లు ఇందులో గుప్పెడు తోటకూర ఆకులో, చెంచాడు మునగాకో వేయండి. కాడలు తీసేయాలి. పాలకూర వేసుకోవచ్చు గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి, అందులోని ఇనుము ఒంటికి అంతగా పట్టదు. ఆకుకూర సూప్ ఏ పూటకి ఆ పూట చేసుకోవడమే మేలు.

బీట్‌రూట్ వేస్తే మర్నాడు డైపర్ ఎర్రగా ఉంటుంది. టెన్షన్ పడి ఆసుపత్రికి పరుగెత్తకముందు, నిన్న ఏం పెట్టామో ఒకసారి గుర్తు చేసుకోండి.

చికెన్ సూప్, ఎముకల సూప్

తెలంగాణలో బొక్కల సూప్ అన్నా, కోస్తాలో ఎముకల సూప్ అన్నా నమ్మకం ఒకటే: పిల్లలకి కాళ్ళు త్వరగా నిలబడతాయని. గంటలకొద్దీ మరిగించినా ఎముకలోని కాల్షియం నీళ్ళలోకి దిగేది చాలా తక్కువ. పప్పుకట్టు కథే ఇక్కడా. పోషకం మాంసంలో ఉంటే మనం రసం పోస్తున్నాం. పైగా సన్నటి ఎముక పెళుసు కంటికి కనపడకుండా రసంలో ఉండిపోతే ప్రమాదం.

ఆరు నిండాక మాంసం పెట్టడానికి అడ్డేం లేదు. మేం ఎనిమిదో నెలలో మొదలుపెట్టాం. ఎముక లేని చికెన్ 50 గ్రాములు, చిన్న బంగాళదుంప, అర క్యారెట్, రెండు మిరియాలంత అల్లం ముక్క, కప్పు నీళ్ళు కుక్కర్లో వేసి ఐదు విజిల్స్ రానివ్వండి. ముక్క వేళ్ళతో నలిపితే పీచులుగా విడిపోవాలి, లోపల గులాబీ రంగు కనిపించకూడదు. చికెన్ పప్పుగుత్తికి లొంగదు, దీనికి మిక్సీయే. మసాలా రుబ్బే జారు వాడితే కారం వాసన వదలదు, చిన్న చట్నీ జారు ఒకటి విడిగా పెట్టుకోండి. ముందు ముక్కలు మాత్రం వేసి ఒక తిప్పు తిప్పి, తర్వాత ఉడికిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ రుబ్బండి.

వేడివేడిగా ఉన్నదాన్ని జారులో పోసి మూత బిగించకండి. నేను ఒకరోజు పాప ఏడుస్తోందని తొందరలో ఆ పని చేశాను. స్విచ్ వేయగానే లోపలి ఆవిరికి మూత ఎగిరింది, సూప్ సగం గోడ మీద, పావు నా మోచేతి మీద. బాగా చల్లారాకే మిక్సీ పట్టి, పెట్టేముందు మళ్ళీ ఒక పొంగు రానిస్తే సరిపోతుంది.

శాకాహారుల ఇళ్ళల్లో కాల్షియం కోసం రాగి సూప్ ఉంది. ఎముకల రసం కన్నా ఇదే నయం: 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. లేత సొరకాయ ముక్కలు ఉడికించి మెదిపి, అది మరుగుతుండగా టేబుల్ స్పూన్ రాగిపిండి చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోయండి. కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఉడికిస్తే పచ్చివాసన పోతుంది.

కొత్తది పెట్టినప్పుడు

ఒకసారికి ఒక కొత్త పదార్థమే, మూడు రోజులు ఆగి ఇంకోటి. పై సూపుల్లో కలిపేవాటిని కూడా ముందు ఇలా ఒక్కొక్కటిగా అలవాటు చేయండి. పొద్దున పూట పెడితే ఒంటి మీద దద్దుర్లు, వాంతులు లాంటివి వస్తే పగలే తెలుస్తుంది. ముఖం వాచినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గుడ్డు, చేప, వేరుశనగ లాంటివి ఏడాది దాకా దూరం పెట్టమని ఒకప్పుడు చెప్పేవారు. ఇప్పుడు ఆలస్యం చేయొద్దంటున్నారు. బాగా ఉడికిన గుడ్డు సూప్‌లో మెదిపి కలపొచ్చు. వేరుశనగ మాత్రం మెత్తటి పొడిగానో ముద్దగానో కలపాలి, గింజలుగా ఎప్పుడూ వద్దు. తామర (ఎగ్జిమా) లాంటి చర్మ సమస్యలు బాగా ఉన్న పిల్లలకైతే ముందు డాక్టర్ని అడగండి.

పెట్టే పద్ధతి, దాచే పద్ధతి

ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పెట్టండి. కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోయడం, పాలసీసాలో పోసి రంధ్రం పెద్దది చేయడం రెండూ వద్దు, పొలమారుతుంది. నోరు తిప్పేస్తే ఆపేయండి. ఒకే రుచిని ఎనిమిది, పది సార్లు వేర్వేరు రోజుల్లో చూపిస్తేగానీ కొందరు పిల్లలు ఒప్పుకోరు. మా పాప సొరకాయని మూడు వారాలు ఉమ్మేసింది.

గిన్నెలో మిగిలింది దాచకండి, ఎంగిలి చెంచా తగిలింది త్వరగా పాడవుతుంది. అందుకే ముందే రెండు గిన్నెల్లోకి తీసి, రెండో పూటది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఒక రోజులో వాడేయాలి, ఒక్కసారే పొగలు వచ్చేలా వేడిచేయాలి. ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చే ఊళ్ళో అయితే ఫ్రిజ్‌ని నమ్మకండి, ఏ పూటకి ఆ పూటే.

ఎనిమిదో నెల నుంచి మిక్సీ కూడా మెల్లగా మానేయాలి. మొదట పప్పుగుత్తితో పలుకుగా, తర్వాత వేళ్ళతో నలిపితే నలిగేంత మెత్తటి ముక్కలతో పెట్టండి. తొమ్మిది, పది నెలలు దాటినా నున్నగా రుబ్బిందే అలవాటైతే తర్వాత చిన్న పలుకు తగిలినా కక్కేస్తారు. పళ్ళు రాలేదని ఆగక్కర్లేదు, చిగుళ్ళతోనే బాగా నములుతారు.

అప్పటికి విడిగా వండే పని కూడా తగ్గుతుంది. ఇంట్లో ఆనపకాయ పప్పో, టొమాటో పప్పో ఉడికాక, ఉప్పు, కారం వేయకముందే రెండు గరిటెలు పాపకి తీసేయండి. తాలింపు అయ్యాక తీస్తే ఆవగింజలు, కరివేపాకు, ఎండుమిరప ముక్క ఒక్కొక్కటీ ఏరుతూ కూర్చోవాలి. తీసేటప్పుడు గరిటె అడుగు దాకా వెళ్ళాలి.