కోటోపాక్సీ బూడిదలో ముందు చక్రం జారకుండా చేసుకున్న తీరు: నా అనుభవం

ఈక్వడార్‌లోని కోటోపాక్సీ అగ్నిపర్వతం మీద, సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉన్న పార్కింగ్ స్థలం నుంచి లింపియోపుంగో సరస్సు వైపు దిగేటప్పుడు, మలుపు తిప్పిన ప్రతిసారీ నా సైకిల్ ముందు చక్రం బయటికి జారిపోయేది. కొత్త టైరు వేశాను, సీటు దించాను, వేగం తగ్గించాను, ఏదీ ఫలించలేదు.

చివరికి ఉపకరించింది టైరులోని గాలి కొలతే. తెల్లవారుజామున రాజధాని కీటోలో, అంటే 2,850 మీటర్ల ఎత్తులో, 26 పీఎస్ఐ (గాలి పీడనానికి కొలమానం) నింపిన టైరు, పైన పార్కింగ్ స్థలంలో సైకిల్‌ను వాహనంలోంచి దించగానే 28 చూపింది. గేజి చూపేది బయటి గాలితో ఉన్న తేడాను మాత్రమే కనుక, బయటి పీడనం తగ్గిన మేరకు, దాదాపు రెండు పీఎస్ఐ, అంకె పెరుగుతుంది. సైకిల్‌ను ఇరవై నిమిషాలు నీడలో ఉంచి, టైరు చల్లబడ్డాక మళ్లీ కొలిచి, ముందు చక్రాన్ని 20కి, వెనుక చక్రాన్ని 23కి కొద్దికొద్దిగా దించాను. తర్వాత వంద మీటర్లు దిగి, రిమ్ము రాళ్లకు తగలడం లేదని చూసుకున్నాకే ముందుకు సాగాను. పొడి స్కోరియా (రంధ్రాలున్న అగ్నిపర్వత రాయి) గులకల్లో టైరు వెడల్పుగా పరుచుకుని, మలుపుల్లో పట్టు స్పష్టంగా తెలిసింది.

ఇందులో ఎత్తు ప్రభావం కొంతే. అసలు ఆ నేలకు 26 ఎక్కువేనని నా అభిప్రాయం. నా బరువు 74 కిలోలు, టైర్లు 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్. ట్యూబు ఉన్నవారు ఇంతగా దించితే పంక్చర్ కావచ్చు. తడి బూడిదలో నేను ప్రయత్నించలేదు.