జపాన్ పాత పింగాణీ ఏ కాలానిదో ఎలా గుర్తించాలి?

మెత్తటి తువ్వాలు, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, కిటికీ పక్కన పగటి వెలుతురు చాలు. ట్యూబులైటు కింద మాత్రం చూడవద్దు. బంగారు పూత అసలు రంగు అక్కడ తెలియదు.

ముందు మట్టి చూడండి. అడుగున మెరుపు పూత అంటని అంచు తెల్లగా ఉండి, పలుచని చోట వెలుగుకు అడ్డం పెడితే వేళ్ళ నీడ కనిపిస్తే అది పింగాణీ. అరిటా, కుటాని (పింగాణీకి పేరున్న జపాన్ చోట్లు), నోరిటాకె (పింగాణీ కంపెనీ) వైపు వెతకండి. మీగడ రంగు మట్టి మీద సన్నని పగుళ్ల వల కనిపిస్తే సత్సుమా (దక్షిణ జపాన్‌లోని ఒక ప్రాంతం) రకం, అది పింగాణీ కాదు. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలో జపాన్ పింగాణీ ఉంది. ఒకసారి చూసి రండి.

తర్వాత బొమ్మ. భూతద్దంలో చుక్కలు వరుసగా కనిపిస్తే యంత్రంతో అచ్చు వేసినది. నీలి గీతలు మధ్యమధ్య తెగుతూ ఒకే నమూనా తిరిగి వస్తుంటే కాగితపు అచ్చుతో అద్దినది, చాలావరకు మేజీ కాలం (1868–1912) పని.

చివరగా అడుగున ఉన్న ముద్ర. అందరూ దీనితోనే మొదలుపెట్టి మోసపోతారు. ఫోనులో ఫోటో పెట్టి పోలిన ముద్ర వెతికితే నకిలీకీ అసలుకీ ఒకే జవాబు వస్తుంది. మట్టి, బొమ్మ చూశాకే ముద్రను అడగాలి.

దిగుమతి వస్తువులపై దేశం పేరు ఉండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టింది. అప్పుడు ‘నిప్పాన్’ (జపనీస్ భాషలో జపాన్ పేరు) అని వేశారు. 1921లో ఆ పేరు చెల్లదన్నారు. అప్పటి నుంచి ‘జపాన్’. ‘ఆక్యుపైడ్ జపాన్’ (యుద్ధంలో ఓడి విదేశీ సేనల ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే 1945–52 మధ్యది. ఈ లెక్క అమెరికాకు వెళ్ళిన సరుకుకే వర్తిస్తుంది. ముద్ర లేకపోతే పాతదని సంబరపడవద్దు. కాగితపు చీటీ అంటించి పంపినవి ఉన్నాయి, చీటీ ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

చైనా చక్రవర్తి చెంగ్‌హువా (1465–87) ముద్ర అరిటా పళ్ళేలపై తరచూ కనిపిస్తుంది. అరిటాలో పింగాణీ పుట్టిందే 17వ శతాబ్దం ఆరంభంలో! గౌరవార్థం వేసిన ఆ ముద్రను తేదీగా చదవకూడదు. సత్సుమా పాలకులైన షిమాజు వంశ చిహ్నం, వృత్తంలో శిలువ, ఎగుమతి సత్సుమా సరుకు మీద ఇష్టారాజ్యంగా వేశారు.

నోరిటాకె వారి పాత ‘నిప్పాన్’ ముద్రలో ఆకుల దండ పైవైపు తెరుచుకుని, మధ్యలో ‘ఎం’ ఉంటుంది. దండ తలకిందులై, ‘ఎం’ స్థానంలో ఇసుక గడియారం లాంటి ఆకారం ఉంటే నకిలీ. ‘ఆక్యుపైడ్’ ముద్ర మీద అనుమానం ఉంటే గోళ్ళ రంగు తుడిచే ద్రవంలో దూది ముంచి ఒక మూల మాత్రమే రుద్దండి. ఊడివస్తే నిన్నమొన్న వేసినదే. ఆ తడి బంగారు అంచుకు తగలనివ్వకండి.

మట్టి ఒకటి, ముద్ర ఒకటి చెబితే మట్టినే నమ్మండి. ఒకే సంవత్సరం కాకుండా ‘1921–41’ అన్నట్టు వ్యవధి రాసుకోండి. కొనేముందు అడుగు భాగం ఫోటో అడగండి. మసక ఫోటో పంపేవారి దగ్గర కొనవద్దు.