పీడీపీ-8లో చేత్తో ప్రోగ్రామ్ ఎక్కించడం ఎలా

పాత మినీకంప్యూటర్ల మీద మోజున్న చాలామంది మెషీన్ దొరకదు కదా అని అక్కడే ఆగిపోతారు. మొదలుపెట్టడానికి ల్యాప్‌టాప్ చాలండి, సిమ్‌హెచ్ అనే ఫ్రీ ఎమ్యులేటర్ ఉంది, అంటే పాత మెషీన్‌లా నటించే సాఫ్ట్‌వేర్. నన్నడిగితే ముందు పీడీపీ-8 పట్టుకోండి. 1965లో అమెరికాలో డెక్ కంపెనీ దీన్ని సుమారు 18,000 డాలర్లకి అమ్మింది, వర్డ్‌కి (మెమరీలో ఒక గదికి) 12 బిట్లు, 4096 వర్డ్‌ల మెమరీ, ఆపరేషన్ కోడ్‌లు, అంటే ఏ పని చేయాలో చెప్పే అంకెలు, మొత్తం ఎనిమిదే. అందుకే మెషీన్ అంతా మన బుర్రలో పట్టేస్తుంది, ఏ బిట్ ఎందుకు మారిందో మనమే చెప్పగలం, ఇప్పటి ఫోన్‌తో ఆ సుఖం ఎక్కడుంది చెప్పండి. మన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ పాత కంప్యూటర్ టీడీసీ-12 కూడా 12 బిట్లదే.

ఉబుంటులో సిమ్‌హెచ్ ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో పీడీపీ8 అని కొడితే ప్రాంప్ట్ వస్తుంది. డిపాజిట్ కమాండ్‌కి ఇంగ్లీష్ డి అక్షరం చాలు, దాని తర్వాత అడ్రస్, విలువ. ఒక్కో లైన్ ఇలా ఎక్కించండి:

200 7300
201 1205
202 1206
203 3207
204 7402
205 0002
206 0003

అన్నీ ఆక్టల్ (ఎనిమిదుల లెక్క) అంకెలే, 8, 9 ఉండవు, 207 తర్వాత వచ్చేది 210. 7300 అక్యుములేటర్‌ని (లెక్క జరిగే చోటు), లింక్ బిట్‌ని (కూడికలో పైకి పొంగే క్యారీని పట్టే బిట్) సున్నా చేస్తుంది. 1205లో మొదటి 1 అంటే అక్యుములేటర్‌కి కూడమని, చివరి 05 అంటే ఈ పేజీలో (128 గదుల ముక్కలో) సున్నా నుంచి లెక్కేస్తే ఐదో గది, మధ్యలో 2 "ఇదే పేజీ" అని చెప్పే బిట్ వల్ల వచ్చింది. ఇదొక్కటి కాగితం మీద బిట్లుగా విడగొట్టి రాసుకోండి, ఇక్కడ అర్ధగంట పోయినా పర్లేదు, మిగతావన్నీ వాటంతటవే తెలిసిపోతాయి. 3207 ఫలితాన్ని 207లో పెట్టి అక్యుములేటర్ ఖాళీ చేస్తుంది, 7402 ఆపేస్తుంది.

ఇప్పుడు రన్ 200 కొట్టండి, హాల్ట్ అని ఆగుతుంది, తర్వాత ఇంగ్లీష్ ఇ అక్షరం, 207 కొట్టి చూస్తే 0005 కనబడాలి. వేరేది వస్తే 200 నుంచి ఒక్కో గదీ అలాగే తెరిచి సరిచూడండి.

స్విచ్‌లు చేతికి తగలాలనుంటే పీడీపీ-8/ఐ ప్యానెల్‌ని అచ్చంగా దించిన పైడీపీ-8 కిట్ ఉంది, లోపల రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడిచేది ఇదే సిమ్‌హెచ్. అక్కడైతే 12 స్విచ్‌లతో 0200 పెట్టి లోడ్ అడ్రస్ నొక్కాలి, తర్వాత ఒక్కో విలువా పెట్టి డిపాజిట్, అడ్రస్ దానంతటదే ముందుకెళ్తుంది, మళ్ళీ 0200 లోడ్ చేసి స్టార్ట్. లైట్లలో జవాబు చదవడం మాత్రం ఒక్కసారైనా చేయాల్సిందే, ఎంత బాగుంటుందో.

కూడిక వచ్చాక తీసివేత చేయండి. ఈ మెషీన్‌కి తీసివేత ఇన్‌స్ట్రక్షనే లేదు, 7041తో అక్యుములేటర్‌లో ఉన్న అంకెని మైనస్ చేసి దానికి రెండోది కూడాలి, గదులు ఒకటి జరుగుతాయి కాబట్టి 1205, 1206, 3207 మూడూ మార్చుకోండి.